ఓటు పెట్టె ఎక్కడ పెట్టాలో ఎవరు తేలుస్తున్నారు?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా అభ్యర్థి ఎవరు, ఏ పార్టీ, ఏ కులం అన్న చర్చ ఊరూరా సాగుతుంది. పోలింగు కేంద్రం ఎక్కడ అన్న చర్చ మాత్రం రాదు. అది సర్కారు పని, ఎప్పుడూ ఉన్న చోటే ఉంటుందిలే అనుకుంటారు మనవాళ్ళు. పెత్తందారు అట్లా అనుకోడు. పెట్టె తన వీధిలో ఉంటే ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎవరితో కలిసి వచ్చారు అన్నది అరుగు మీద కూర్చునే చూసుకోవచ్చునని అతనికి తెలుసు. పోలింగుకు నెలల ముందే ఆఫీసు కాగితాల మీద జరిగిపోయే ఈ నిర్ణయం గురించి వ్యవసాయ కార్మికులు తెలుసుకోవలసింది చాలా ఉంది.

చట్టం ఏమంటోంది?

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలింగు కేంద్రాలు ఏర్పాటు చేయవలసింది జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టరు. దానికి ఎన్నికల కమిషన్ ముందస్తు ఆమోదం ఉండాలి. ఏ కేంద్రం ఏ ప్రాంతపు ఓటర్లకో చూపే జాబితాను బహిరంగంగా ప్రకటించాలి.

కాగితం మీద ఇది కలెక్టరు పనే. అయితే కలెక్టరు మన ఊరు వచ్చి బడి గది చూడడు. బూతు స్థాయి అధికారి, రెవెన్యూ సిబ్బంది కింది నుంచి పంపిన ప్రతిపాదన తహసీల్దారు బల్ల మీదికి, అక్కడినుంచి ఆర్డీవోకు, ఆ పైన కలెక్టరుకు పోతుంది. ముసాయిదా జాబితా ప్రకటించి, పార్టీలతో సమావేశం పెట్టి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే కమిషన్‌కు పంపాలి. అంటే అడగటానికి మనకొక గడువు ఉంది. అది నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం ఎండకు వెలిసిపోయేలోగా ముగిసిపోతుంది. అంతే తేడా.

కమిషన్ నిబంధనల్లో పేదలకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. మామూలుగా ఏ ఓటరూ 2 కిలోమీటర్లకు మించి నడవాల్సి రాకూడదు. కేంద్రం బడి వంటి ప్రభుత్వ భవనంలో ఉండాలి. గది 20 చదరపు మీటర్లకు తగ్గకూడదు. గుడి, మసీదు, చర్చి వంటి చోట్ల, పోలీసు స్టేషన్లో, ఆస్పత్రిలో పెట్టకూడదు. 200 మీటర్ల లోపు పార్టీ ఆఫీసు ఉండకూడదు. తప్పనిసరై ప్రైవేటు ఇల్లు తీసుకుంటే దాని యజమాని అభ్యర్థి గాని, అభ్యర్థి మనిషి గాని కాకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: బలహీన వర్గాలు ఎక్కువగా ఉండే పేటల్లో ఓటర్లు 500 కంటే తక్కువ ఉన్నా అక్కడే కేంద్రం పెట్టవచ్చు.

మరి పెట్టరెందుకు?

మన పల్లెల్లో ఊరు వేరు, వాడ వేరు. మాలపల్లె, మాదిగపల్లె, గూడెం, తండా ఊరి బయటే ఉంటాయి. పంచాయతీ ఆఫీసు, హైస్కూలు, సొసైటీ గోదాము ఎక్కువ చోట్ల ఊరి నడుమే కట్టారు. భవనం ఉన్న చోట పెట్టె అంటే సహజంగా అది పెద్దల వీధికే చేరుతుంది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యేదాకా గ్రామ సమాచారం అధికారులకు పోయేది ఆ ఇళ్ళనుంచే. పదవులు పోయినా అలవాటు పోలేదు. ఆఫీసరు జీపు ఇవాళ్టికీ ముందు ఆగేది ఎవరి ఇంటి ముందు? కాఫీ ఎక్కడినుంచి వస్తుంది? అది చూస్తే చాలు, సంగతి అర్థమవుతుంది.

సిబ్బంది చెప్పే కారణాలు పైకి సబబుగానే కనిపిస్తాయి. వాడకు కారు పోదు, గది చాలదు, కరెంటు లేదు, బందోబస్తుకు కష్టం అంటారు. పెట్టెను మోసుకొచ్చే వాళ్ళకు కష్టం సరే, ఓటు వేసేవాళ్ళ కష్టం ఏ పద్దులో రాస్తారు?

మేము పనిచేసే ఒక గ్రామంలో ఇదే జరిగింది. దళితవాడలో ప్రాథమిక పాఠశాల ఉంది. ఎన్నికలు ఎన్ని వచ్చినా వాడ ఓటర్లు మాత్రం ఊరి నడుమ హైస్కూలుకే పోవాలి. అడిగితే ‘గది చాలదండీ’ అన్నారు. వాడ పిల్లలు, మేము టేపు పట్టి కొలిచాం. పొడవు 16 అడుగులు, వెడల్పు 14 అడుగులు. అంటే 224 చదరపు అడుగులు. 20 చదరపు మీటర్లంటే సుమారు 215. గది చాలింది! ఆ లెక్క రాసి, వాడ ఓటర్ల వరుస నెంబర్లు జతచేసి, ఆడా మగా సంతకాలు, వేలిముద్రలు పెట్టి అర్జీ ఇచ్చాం. రసీదు ఇవ్వనంటే, ఇచ్చేదాకా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. తనిఖీకి మనిషి వచ్చాడు. తర్వాతి జాబితాలో వాడ బడి పేరు ఎక్కింది. ‘ఇన్నేళ్ళూ మాకు చాలని గది ఒక్క టేపుతో ఎట్లా పెరిగిందయ్యా?’ అని ఒక ముసలమ్మ అందరి ముందూ అడిగింది. జవాబు చెప్పినవాడు లేడు.

దూరం ఖరీదు ఎంత?

కేంద్రం దూరమైతే ముందు పోయేది కూలి. ఆ తర్వాత పోయేది ముసలివాళ్ళ ఓటు, గర్భిణుల ఓటు, చంటిపిల్లల తల్లుల ఓటు. ఇక మూడోది వస్తుంది: భూస్వామి ట్రాక్టరు. ‘ఎండలో ఏం నడుస్తారు, ఎక్కండి’ అంటాడు. ఎక్కినవాడు దిగేటప్పుడు ఏ గుర్తుకు వేయాలో కూడా విని దిగుతాడు. ఓటర్లను కేంద్రానికి ఉచితంగా బండ్లలో చేరవేయడం అభ్యర్థికి అవినీతి చర్య అని 123వ సెక్షన్ చెబుతోంది. ట్రాక్టరు మీద కేసు పెట్టడం కష్టం. ట్రాక్టరు అవసరమే లేకుండా కేంద్రాన్ని వాడకు తెచ్చుకోవడం తేలిక.

ఏజెన్సీలో ఇది మరీ ఘోరం. కొండమీది గూడేలకు దారి లేదనీ, భద్రత లేదనీ కేంద్రాన్ని కింది ఊరికి మారుస్తారు. వాగులు దాటి, గుట్టలు దిగి వచ్చేసరికి సగం రోజు అయిపోతుంది. 2024 మే 13 పోలింగులో అరకు, పాడేరు, రంపచోడవరం నియోజకవర్గాల్లో సాయంత్రం 4 గంటలకే ఓటింగు ముగించారు. దూరం ఎక్కువైన చోటే సమయం తక్కువ!

ఇంకో చిక్కు

వాడకు విడిగా కేంద్రం వస్తే అంతా బాగుపడుతుందని మేము చెప్పడం లేదు. ఇవాళ లెక్క బూతులవారీగా బయటికి వస్తుంది. వాడలోనే పెట్టె ఉంటే వాడ మొత్తం ఎవరికి వేసిందో పెత్తందారుకు మర్నాడే తెలుస్తుంది. పనులకు పిలవడం మానేస్తాడు, అప్పు తీర్చమని గొంతు మీద కూర్చుంటాడు. అందుకే కొందరు కూలీలు ‘ఊళ్ళోనే ఉండనీయండి, అందరిలో కలిసిపోతాం’ అంటారు. ఆ భయాన్ని తీసిపారేయకూడదు.

బ్యాలెట్ కాగితాల కాలంలో అనేక బూతుల కాగితాలు కలిపి లెక్కపెట్టే పద్ధతి ఉండేది. యంత్రాలు వచ్చాక అది పోయింది. యంత్రాల ఓట్లను కూడా కలిపి చూపే పరికరం పెట్టమని ఎన్నికల కమిషన్ 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా సరేనంది. కేంద్ర ప్రభుత్వం మాత్రం ఒప్పుకోలేదు. కనుక మన డిమాండ్లు రెండూ జంటగా ఉండాలి: పెట్టె దగ్గరికి రావాలి, లెక్క కలిపి చెప్పాలి. దళితుల్ని, గిరిజనుల్ని ఫలానా వారికి వేయమని గాని, అసలు వేయవద్దని గాని బెదిరిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఈ మాట వాడలో ప్రతి ఇంటికీ చేరాలి.

ఇప్పుడు చేయవలసింది

ఒక కేంద్రానికి 1500 మంది దాకా ఓటర్లు ఉండవచ్చునన్న పరిమితిని ఎన్నికల కమిషన్ 2025లో 1200కు తగ్గించింది. దీనివల్ల పెద్ద కేంద్రాలు చీలుతాయి, కొత్తవి వస్తాయి. ఆ కొత్తవి ఎక్కడ పెడతారు? మనం అడగకపోతే హైస్కూల్లోనే పక్క గది చూపిస్తారు.

కాబట్టి ప్రతి గ్రామ శాఖా ఈ పనులు పెట్టుకోవాలి. ఓటర్ల జాబితా తీసుకుని వాడలో, తండాలో ఎన్ని ఓట్లున్నాయో లెక్కగట్టాలి. కేంద్రం ఎంత దూరమో నడిచి కొలవాలి. దగ్గరలో ఉన్న బడి, అంగన్‌వాడీ, కమ్యూనిటీ హాలు గదుల కొలతలు రాసుకోవాలి. ముసాయిదా ఎప్పుడు అంటిస్తారో తహసీలు ఆఫీసులో వారం వారం అడగాలి. పార్టీల సమావేశానికి మనవాళ్ళు తప్పక పోవాలి. అర్జీ తహసీల్దారుకు, ఆర్డీవోకు, కలెక్టరుకు మూడు చోట్లా ఇచ్చి రసీదు తీసుకోవాలి. 1950 నెంబరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు చెప్పవచ్చు. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం కింద జరుగుతాయి, ఆ జాబితా వేరు. అక్కడా ఇంతే శ్రద్ధ కావాలి.

కూలి రేటు కోసం, ఇళ్ళ స్థలాల కోసం కలిసి కదిలినవాళ్ళం. ఓటు పెట్టె కోసం కదలడం అంతకన్నా కష్టమేమీ కాదు. ఒక టేపు, ఒక ఓటర్ల జాబితా, నలుగురు మనుషులు చాలు. ఈ వారమే మొదలు పెట్టండి.