మోత పెరుగుతుంది, బండి లాగదు

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ వచ్చేదాకా పాత బండి బాగానే నడుస్తుంది. ఎత్తు మొదలయ్యాక ముందు లోడు లారీ, వెనక సీట్లో ఒక మనిషి, ఒళ్లో మూట. లారీని దాటుదామని యాక్సిలేటర్ తిప్పితే ఇంజను మోత ఒక్కసారిగా లేస్తుంది, వేగం మాత్రం పెరగదు. ‘క్లచ్ ప్లేట్లు అయిపోయినాయి’ అని పక్కవాళ్లు తేల్చేస్తారు. చాలాసార్లు అది తొందరపాటు తీర్పు. ప్లేట్ల దాకా పోయే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అందులో మొదటిది ఎడమచేతి కిందే ఉంటుంది.

ముందు జబ్బు క్లచ్‌దేనా అన్నది తేల్చుకోవాలి. మోతా పెరగక, వేగమూ పెరగకపోతే అనుమానించాల్సింది దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్‌ను, పట్టేసిన బ్రేకును, తగ్గిన కంప్రెషన్‌ను. టకటకమంటూ కుదుపులతో జారితే చైన్ స్ప్రాకెట్ల పళ్లు చూడాలి. మోత నున్నగా పైకి లేచి, బండి దానితో పాటు లేవకపోతేనే క్లచ్ జారుతున్నట్టు. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో నిదానంగా పోతూ యాక్సిలేటర్ గట్టిగా తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఇంజను వేడెక్కాకే ఈ పరీక్ష చేయాలి. చల్లగా ఉన్నప్పుడు పట్టిన క్లచ్ మధ్యాహ్నం ఎండలో జారవచ్చు.

క్లచ్‌లో ఇంజనుతో తిరిగే డ్రమ్ము ఒకటి, గేర్‌బాక్స్‌ను తిప్పే హబ్బు ఒకటి ఉంటాయి. డ్రమ్ముకు ఫ్రిక్షన్ ప్లేట్లు, హబ్బుకు స్టీలు ప్లేట్లు తగులుకుని, ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పరిచిన కడప బండల్లో మధ్యది లాగితే రాదు, పై బరువు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఆ బరువు పని స్ప్రింగులు చేస్తాయి. లివరు నొక్కడమంటే స్ప్రింగులకు ఎదురు నెట్టి ఆ ఒత్తిడిని తీసేయడమే.

అందుకే లివరు దగ్గర కొంచెం లూజు ఉండి తీరాలి. లూజు లేకుండా వైరు బిగుసుకుందంటే, మనం ముట్టుకోకపోయినా క్లచ్ కొంత నొక్కినట్టే. వైరు సాగితే లూజు పెరుగుతుంది, ప్లేట్లు అరిగితే లూజు తగ్గుతుంది. దసరాకు సరిగ్గా పెట్టించిన వైరు ఉగాదికల్లా బిగుసుకుపోవడం వింతేమీ కాదు. ‘లివరు లూజుగా ఉందన్నా, టైట్ చెయ్’ అని అడిగి మరీ బిగించుకునేవాళ్లు చేజేతులా క్లచ్‌ను అరగదీసుకుంటున్నారు.

సరిచేయడం పెద్ద పని కాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు లివరు కొనను వేలితో లాగాలి. బరువు తగిలేలోపు అది ఎంత దూరం వస్తుందో స్కేలు పెట్టి చూడాలి. హీరో హోండా స్ప్లెండర్‌లాంటి వంద సీసీ బళ్లకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. ముందు లివరు దగ్గర అడ్జస్టరు ఉంటే దాన్ని లోపలికి తిప్పేయాలి. తర్వాత ఇంజను దగ్గర వైరు కింది చివర లాక్ నట్టు వదులు చేసి, రెండో నట్టుతో లూజు కుదిర్చి, మళ్లీ లాక్ నట్టు బిగించాలి. చివరగా హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి చూడాలి. ఒక వైపు లూజు మాయమైతే వైరు ఎక్కడో నొక్కుకుపోయిందని అర్థం.

లూజు ఉన్నా లివరు నిదానంగా వెనక్కి వస్తోందంటే వైరు గొట్టంలో దుమ్ము చేరినట్టే. బేతంచెర్ల బండల పొడి, ఎర్రగుంట్ల సిమెంటు ధూళి మధ్య తిరిగే బళ్లకు ఇది మామూలే. పై కొన విప్పి, కింద కారేదాకా చుక్కచుక్కగా ఆయిల్ పోయాలి. పోగులు తెగి ఉంటే వైరు మార్చడమే మందు.

తర్వాత ఆయిల్. 1994లో వచ్చిన స్ప్లెండర్‌లో ఇంజనుకూ క్లచ్‌కూ ఒకే ఆయిల్. కారు ఆయిల్ పోస్తే అందులోని జారుడు గుణం ప్లేట్లకూ అంటుతుంది. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ గుర్తు చూసి కొనాలి. తడి క్లచ్ ఉన్న బళ్ల కోసం జపాన్‌లో 1998లో తెచ్చిన ప్రమాణం అది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతి వేరు. టూటీ ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోతుంది, క్లచ్ తడిసేది గేర్‌బాక్స్ ఆయిల్‌తో. పాత బుల్లెట్‌కు క్లచ్ ఎడమవైపు ప్రైమరీ చైన్ కేసులో, తన ఆయిల్‌లో తాను ఉంటుంది. బుల్లెట్‌లో కిక్కు బలం కూడా క్లచ్ మీదుగానే ఇంజనుకు చేరుతుంది. కాబట్టి కిక్కు కొడితే ఇంజను తిరగకుండా కాలు జారిపోతుంటే క్లచ్‌ను అనుమానించాల్సిందే.

లూజు సరిగా ఉండి, వైరు ఆడుతూ, ఆయిల్ సరైనదై, అయినా జారుతుంటే అప్పుడు కవరు విప్పాలి. ఫ్రిక్షన్ ప్లేట్ల మందం వెర్నియర్‌తో కొలవాలి. స్టీలు ప్లేట్లు నీలిరంగు తిరిగితే అవి కాలినట్టు. అద్దం మీద పెడితే ఊగినవి వంగినట్టు. స్ప్రింగులు పొట్టిబడితే ఒక్కటి కాకుండా సెట్టు మొత్తం మార్చాలి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి వేయాలి. స్ప్రింగుల కింద వాషర్లు పెట్టి బిగించే చిట్కా కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది. కానీ లివరు బరువెక్కి వైరు తెగుతుంది, అరిగిన ప్లేట్లు లోపల అలాగే ఉంటాయి.

జారుతున్న క్లచ్‌తో ‘ఇంకో నెల చూద్దాం’ అనడం ఖరీదైన వాయిదా. జారితే వేడి, వేడికి ప్లేటు పైపొర నున్నబడుతుంది, నున్నబడితే ఇంకా జారుతుంది. ఈ రోజు లూజు పెడితే సరిపోయే పని, వాయిదా పడితే ప్లేట్ల సెట్టు అడుగుతుంది. కొత్త ప్లేట్లు వేయించాక కూడా ఘాట్‌లో లారీ వెనక హాఫ్ క్లచ్‌లో ఈడ్వకుండా కింది గేరు వేసుకోవాలి. బజారులో క్లచ్ మీద రెండు వేళ్లు ఆనించి నడిపే అలవాటూ మానుకోవాలి. వేళ్ల బరువు చిన్నదే కానీ, అదే బరువు లోపల స్ప్రింగుల మీద పొద్దంతా పనిచేస్తుంది.