కాడి కలిసిన ప్రేమకథలు

అమెరికా పుస్తకాల షాపుల్లో ఒక రకం ప్రేమ నవలలకు విడిగా అర కేటాయిస్తారు. వాటిలో అబ్బాయీ అమ్మాయీ పెళ్ళికి ముందు మహా అయితే ముద్దు దాకా వస్తారు. బూతు మాట వినపడదు. ఆదివారం గుడికి వెళ్ళడం కూడా కథలో భాగమే. ఇంత మడి కట్టుకున్న ప్రేమను ఎవరు చదువుతారనుకుంటాం గానీ, లక్షల ప్రతులు పోతాయి. ఆ క్రైస్తవ ప్రేమ నవలల ముచ్చట్లు కొన్ని.

*

మన కథల్లో ప్రేమకు అడ్డం కులమో, ఆస్తో, మేనమామో. ఇక్కడ అడ్డం విశ్వాసం. ఎద్దునూ గాడిదనూ ఒక కాడికి కట్టి దున్నకూడదని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చెబుతుంది. పౌలు కొరింథీయులకు రాసిన రెండో లేఖలో, విశ్వాసికీ అవిశ్వాసికీ జోడు కుదరదంటూ ఆ కాడి మాటే ఎత్తాడు. అందుకే హీరో ఎంత అందగాడైనా ముందు దేవుడితో రాజీపడాలి, ఆ తర్వాతే అమ్మాయి. అసలు చిక్కు ఇంకోటుంది. పిల్ల కోసం మారితే ఆ మార్పు చెల్లదు, తనకై తను మారాలి. చేయి తిరిగిన రచయిత్రి ఈ ముడిని మొదటి అధ్యాయం నుంచే వేస్తూ వస్తుంది. తిరగని వాళ్ళు ఆఖరి ఇరవై పేజీల్లో హడావిడిగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టేస్తారు.

*

ఈ సందడికంతటికీ ఊపు తెచ్చింది కెనడా రచయిత్రి జానెట్ ఓక్. 1979లో బెథనీ హౌస్ అనే ప్రచురణ సంస్థ ఆమె నవల ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ వేసింది. పడమటి దిక్కుకు బళ్ళు కట్టుకుని వలసపోతుంటే దారిలో ఒక అమ్మాయి మొగుడు చనిపోతాడు. మార్టీ అనే ఆ అమ్మాయిని, చంటిబిడ్డతో మిగిలిన క్లార్క్ పెళ్ళాడతానంటాడు. బిడ్డకు తల్లి కావాలి, ఆమెకు నీడ కావాలి, అంతే ఒప్పందం. నచ్చకపోతే తిరుగు ప్రయాణం ఖర్చు తనే పెట్టుకుంటానంటాడు. ముందు తాళి, తర్వాత ప్రేమ! అక్కడి పాఠకులకు అబ్బురమైన ఈ వరస మన అమ్మమ్మలకు చెబితే ‘ఇందులో వింతేముంది’ అంటారు.

*

ఫ్రాన్సీన్ రివర్స్ మొదట మామూలు ఘాటు ప్రేమ నవలలే రాసేది. 1986లో విశ్వాసంలోకి వచ్చాక కొన్నేళ్ళు కలం కదల్లేదు. కదిలాక 1991లో వచ్చింది ‘రిడీమింగ్ లవ్’. పునాది హోషేయ గ్రంథం. దారి తప్పిన భార్య గోమెరును ప్రవక్త 15 తులాల వెండీ, యవలూ ఇచ్చి తిరిగి తెచ్చుకున్న కథ. రివర్స్ దాన్ని 1850ల కాలిఫోర్నియా బంగారు గనుల మధ్యకు మార్చింది. గోమెరు ఏంజెల్ అనే వేశ్య అయింది, ప్రవక్త మైకేల్ హోషేయ అనే రైతయ్యాడు. ఏంజెల్ ఉండే ఊరి పేరు ‘పెయిర్ ఎ డైస్’. అర్థం రెండు పాచికలు, పలికితే మాత్రం పరదైసు! మొదట వేసింది బాంటమ్ అనే మామూలు ప్రచురణ సంస్థ. 1997లో మల్ట్‌నోమా అనే క్రైస్తవ సంస్థ మళ్ళీ వేశాక ఇక ఆగలేదు. 2022లో సినిమా కూడా వచ్చింది.

*

కరెంటు తీగ ఇంట్లోకి రానివ్వకుండా, గుర్రపు బగ్గీల్లో తిరిగే ఆమిష్ అనే క్రైస్తవ సమాజం వాళ్ళ మీద ఒక ఉపశాఖే పుట్టింది. బెవర్లీ లూయిస్ 1997లో రాసిన ‘ది షన్నింగ్’ దీనికి దారి వేసింది. ఆ పేరును తెలుగు చేయడానికి నిఘంటువు అక్కర్లేదు: వెలి. ఆమిష్‌లకు దగ్గరి చుట్టమైన, కట్టుబాట్లున్న మెనొనైట్ సమాజాన్ని వదిలి పెళ్ళి చేసుకున్న తన అమ్మమ్మ బతుకే ఆమెకు విత్తనం. 2012 నాటికి సగటున నాలుగు రోజులకో ఆమిష్ ప్రేమ నవల వచ్చేది. అట్టమీద టోపీ పెట్టుకున్న అందమైన అమ్మాయి ఫొటో ఖాయం. ఫొటోకు నిలబడడం ఆమిష్‌లకు సమ్మతం కాదన్న సంగతి అట్ట వేసేవాళ్ళు పట్టించుకున్నట్టు లేదు.

*

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మిల్స్ అండ్ బూన్ ప్రేమ నవలల గుట్టలు చూసినవాళ్ళకు ఈ క్రైస్తవ నవలలూ చుట్టాలే. 1971లో మిల్స్ అండ్ బూన్‌ను కొన్న హార్లెక్విన్ సంస్థే 1997లో ‘స్టీపుల్ హిల్’ పేరుతో క్రైస్తవ ప్రేమ నవలల విభాగం తెరిచింది. స్టీపుల్ అంటే గుడి శిఖరం. ఒకే కొట్టు, వేరు వేరు కౌంటర్లు.

*

ఇప్పటి కాలపు కథలు కావాలా? బెకీ వేడ్ ‘మై స్టబర్న్ హార్ట్’ (2012)లో భార్యను పోగొట్టుకుని మనుషులకు మొహం చాటేసిన ఐస్ హాకీ ఆటగాడు పాత ఇల్లు బాగుచేస్తుంటాడు, నాయిక వసపిట్ట. ఇందులో నాయిక అమ్మమ్మ స్నేహితురాళ్ళ గుంపే నాకు హీరో కన్నా ఎక్కువ నచ్చింది. బెథనీ టర్నర్ ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ సారా హాలెన్‌బెక్’ (2017)లో ఘాటు నవలల రచయిత్రి ఒక పాస్టరును ప్రేమిస్తుంది. తన కులవృత్తిని తనే ఎగతాళి చేసుకున్న ధైర్యం టర్నర్‌ది. టోనీ షైలో ‘ఇన్ సెర్చ్ ఆఫ్ ఎ ప్రిన్స్’ (2022)లో న్యూయార్క్ టీచరమ్మ తాను ఒక కల్పిత ఆఫ్రికా ద్వీపానికి రాకుమారినని తెలుసుకుంటుంది.

*

మచ్చ కూడా చెప్పుకోవాలి. 2021లో అమెరికా ప్రేమ నవలా రచయితల సంఘం కొత్తగా పెట్టిన వివియన్ అవార్డు, మతపరమైన ప్రేమ నవలల విభాగంలో, కారెన్ విట్‌మేయర్ ‘ఎట్ లవ్స్ కమాండ్’కు దక్కింది. అందులో నాయకుడు 1890 వూండెడ్ నీ ఊచకోతలో పాల్గొన్న సైనికుడు. మూలవాసులను చంపినవాడికి క్షమాపణ అంత సుళువా అని గొడవ లేచి, కొద్ది రోజుల్లోనే బహుమతి వెనక్కి తీసుకున్నారు.

*

క్రైస్తవ నవలలకిచ్చే క్రిస్టీ అవార్డు పేరు కేథరిన్ మార్షల్ 1967 నవల ‘క్రిస్టీ’ నుంచి వచ్చింది. 1912లో అపలేచియన్ కొండల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళిన పందొమ్మిదేళ్ళ పిల్ల కథ అది. ఆమె మీద మనసు పడ్డవాళ్ళు ఇద్దరు: యువ పాస్టరు, దేవుణ్ణి నమ్మని డాక్టరు. గెలిచింది డాక్టరు, అదీ ఆమె టైఫాయిడ్‌తో కొట్టుమిట్టాడుతుంటే మంచం పక్కన ప్రార్థన నేర్చుకున్నాక. మార్షల్ ఈ కథను తన తల్లి జీవితం నుంచి అల్లుకుంది. ఆ తల్లి మాత్రం పెళ్ళాడింది పాస్టరునే.