ఎవరూ అమ్మని స్కాలర్‌షిప్పులు

హైదరాబాద్ అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో కన్సల్టెన్సీ మెట్లెక్కిన బీటెక్ విద్యార్థికి గంట తిరిగేలోగా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండ్ యూనివర్సిటీల జాబితా చేతికొస్తుంది. ఏ బ్యాంకు ఎంత లోనిస్తుందో, పూచీకత్తుగా ఏం అడుగుతుందో కూడా అక్కడే తెలిసిపోతుంది. జపాన్ ప్రభుత్వం 1954 నుంచి విదేశీ విద్యార్థులకు ఇస్తున్న స్కాలర్‌షిప్ గురించి గానీ, కొరియా ప్రభుత్వం 1967లో మొదలుపెట్టిన దాని గురించి గానీ అక్కడ వినపడడం అరుదు. ఇందులో ఎవరి కుట్రా లేదు, లెక్క మాత్రమే ఉంది. ఫీజు కట్టే విద్యార్థిని చేర్పిస్తే విదేశీ యూనివర్సిటీ ఇచ్చే కమీషన్ మీద చాలా కన్సల్టెన్సీలు నడుస్తాయి. ఫీజే లేని సీటుకు కమీషన్ ఎక్కడినుంచి వస్తుంది? ఆ విద్యార్థి లోను కూడా తీసుకోడు కాబట్టి బ్యాంకుకూ అతనితో పని లేదు. అలా ఎవరికీ ఆదాయం తెచ్చిపెట్టని సమాచారం ఎవరి నోటా రాదు. ఆసియా దేశాల స్కాలర్‌షిప్పులు తెలుగు విద్యార్థులకు దూరంగా ఉండిపోవడానికి మార్కుల కంటే, పోటీ కంటే ఇదే పెద్ద కారణమని నేననుకుంటున్నాను. దీనికి తోడు మరొకటుంది. వాటికి కావలసిన సన్నాహాన్ని ఆఖరి సంవత్సరంలో డబ్బిచ్చి కొనుక్కోలేం. రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి.

జపాన్ సంగతే కాస్త వివరంగా చూద్దాం. విద్యాశాఖ పేరు మీదుగా మెక్స్ట్ అని పిలిచే ఈ స్కాలర్‌షిప్ కింద ట్యూషన్ ఫీజు ఉండదు, రానూపోనూ విమాన ఛార్జీలు వాళ్లే భరిస్తారు. నెలనెలా ఖర్చులకు ఎమ్మెస్ స్థాయిలో 1,44,000 యెన్‌లు, పీహెచ్‌డీలో 1,45,000 యెన్‌లు ఇస్తారు. మారకపు విలువ అటూఇటూ అవుతుంటుంది గానీ, మన లెక్కలో దాదాపు 80 వేల రూపాయలు. ఒక మనిషి పొదుపుగా బతకడానికి అది సరిపోతుంది. దరఖాస్తుకు రెండు దారులున్నాయి. భారత్‌లోని జపాన్ రాయబార కార్యాలయం ద్వారా వెళ్లడం ఒకటి, జపాన్ యూనివర్సిటీయే మన పేరును సిఫారసు చేయడం రెండోది. మొదటి దారిలో పత్రాల పరిశీలన, ఇంగ్లీషు, జపనీస్ రాతపరీక్షలు, ఇంటర్వ్యూ ఉంటాయి. అవి గట్టెక్కాక అసలు పని మొదలవుతుంది. తన పరిశోధనకు మార్గదర్శిగా ఉండే ప్రొఫెసర్‌ను విద్యార్థే వెతుక్కుని, ఆ యూనివర్సిటీ నుంచి తాత్కాలిక అంగీకార పత్రం తెచ్చుకోవాలి. ఈ తతంగమంతా పూర్తయి విమానమెక్కేసరికి ఏడాది పడుతుంది. అక్కడికి వెళ్లాక కూడా చాలామంది ముందు పరిశోధక విద్యార్థిగా చేరి, భాష నేర్చుకుంటూ, ప్రవేశ పరీక్ష రాసి అప్పుడు డిగ్రీలోకి వెళతారు.

ఈ ఎంపికలో బరువంతా పరిశోధన ప్రణాళిక మీదే ఉంటుంది. ఏ ప్రశ్న తీసుకుంటావు, అది ఎందుకు ముఖ్యం, ఇప్పటికి ఎవరేం చేశారు, నువ్వు ఏ పద్ధతిలో చేస్తావు, అది జపాన్‌లోనే ఎందుకు చేయాలి అన్న వాటికి రెండు మూడు పేజీల్లో జవాబు చెప్పాలి. మన దగ్గర ఎస్ఓపీలను, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసాలను, అచ్చులో పోసినట్టు రాయించి ఇచ్చే అలవాటు స్థిరపడిపోయింది. అలాంటి కాగితం ఇక్కడ నిలవదు, ఎందుకంటే దాన్ని చదివేది ఆ రంగంలో ఇరవై ఏళ్లు పనిచేసిన ప్రొఫెసర్. బీటెక్ మూడో ఏట ఒక చిన్న ప్రాజెక్టునైనా సొంతంగా చేసి, నాలుగు పరిశోధన వ్యాసాలైనా చదివి అర్థం చేసుకున్న విద్యార్థి రాసిన కాగితం వేరుగా కనపడుతుంది. అతని కాలేజీ ఐఐటీయా, జిల్లాలోని ప్రైవేటు కాలేజీయా అన్నది అప్పుడు వెనక్కి వెళుతుంది. చదివిన రంగంలోనో, దానికి దగ్గరి రంగంలోనో మాత్రమే దరఖాస్తు చేయాలన్న నిబంధన కూడా ఉంది. మెకానికల్ చదివి నేరుగా డేటా సైన్స్‌లోకి దూకాలనుకునేవారికి ఇది కుదరదు.

ఇంటర్ పూర్తిచేసినవారికీ మెక్స్ట్ ఉందని మన జూనియర్ కాలేజీల్లో దాదాపు ఎవరికీ తెలియదు. డిగ్రీ ఐదేళ్లు. అందులో మొదటి ఏడాది పూర్తిగా జపనీస్ భాష, ప్రాథమిక పాఠాలు. నెలకు 1,17,000 యెన్‌లు ఇస్తారు. సైన్స్ కోర్సులు కోరేవారికి గణితం, రెండు సైన్స్ సబ్జెక్టులతో పాటు ఇంగ్లీషు, జపనీస్ పరీక్షలు పెడతారు. రెండేళ్లు జేఈఈ కోసం రాత్రింబవళ్లు చదివిన ఎంపీసీ విద్యార్థికి ఈ గణితం, భౌతికం కొత్తవి కావు. అంత కష్టం ఒకే ఒక్క ర్యాంకు మీద పందెం కాసి, అది రాకపోతే బతుకే అయిపోయిందని కుంగిపోయే పిల్లలకు ఇలాంటి మరో దారి ఉందని చెప్పకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

కొరియాది కొంచెం వేరే పద్ధతి. గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్‌కు ఎంపికైనవారికి చదువు మొదలుకాకముందు ఏడాది పాటు కొరియన్ భాష నేర్పిస్తారు, ఆ ఖర్చూ ప్రభుత్వానిదే. తగిన గడువులో కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష టోపిక్‌లో మూడో స్థాయి అందుకోకపోతే స్కాలర్‌షిప్పే పోతుంది. ముందే ఐదో స్థాయి సాధించినవారికి ఆ భాషా సంవత్సరం అక్కర్లేదు. తైవాన్ డిగ్రీలకు ఒక స్కాలర్‌షిప్, కేవలం చైనీస్ భాష నేర్చుకోవడానికి మరొకటి ఇస్తుంది. సింగపూర్‌లో పీహెచ్‌డీ కోసం సింగా అనే స్కాలర్‌షిప్ ఉంది. ఉద్యోగానుభవం ఉన్నవారికి ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్ కలిసి 1988 నుంచి ఇస్తున్న స్కాలర్‌షిప్ ఉంది, అయితే చదువయ్యాక స్వదేశానికి తిరిగి రావాలి. షరతులను చివరిదాకా చదవమనేది ఇందుకే. సింగపూర్‌లో డిగ్రీ ఫీజు తగ్గించే ట్యూషన్ గ్రాంటును చాలామంది స్కాలర్‌షిప్ అనుకుంటారు. అది తీసుకున్న విదేశీ విద్యార్థి చదువయ్యాక మూడేళ్లు సింగపూర్ సంస్థలో పనిచేస్తానని ఒప్పందం రాయాలి.

ఈ దేశాలు ఇంత డబ్బు ఎందుకు పెడుతున్నాయో తెలుసుకోకుండా దరఖాస్తు రాయడం చీకట్లో రాయి విసరడమే. జపాన్‌లో 2024లో పుట్టిన పిల్లలు ఏడు లక్షల లోపే. కొరియాలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2023లో 0.72కు పడిపోయింది. తరగతి గదులు, ప్రయోగశాలలు ఖాళీ అవుతున్న దేశాలివి. జపాన్ 1983లో లక్ష మంది విదేశీ విద్యార్థులు కావాలనుకుంది, 2008లో ఆ లక్ష్యాన్ని మూడు లక్షలు చేసింది, ఇప్పుడు 2033 నాటికి నాలుగు లక్షలంటోంది. కొరియా 2027కల్లా మూడు లక్షలంటూ 2023లో ప్రకటించింది. 2025 ఆగస్టులో భారత ప్రధాని టోక్యో వెళ్లినప్పుడు ఐదేళ్లలో ఐదు లక్షల మంది రాకపోకలకు, అందులో భారత్ నుంచి 50 వేల మంది నిపుణులు జపాన్ వెళ్లేందుకు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. అంటే ఇచ్చేవాడికీ అవసరముంది. ‘నేను పేదవాణ్ణి, నాకు సాయం చేయండి’ అనే ధోరణి కంటే ‘మీ ప్రయోగశాలలో ఈ పని జరుగుతోంది, దాన్ని నేనిలా ముందుకు తీసుకెళ్లగలను’ అనే మాటకు అక్కడ విలువెక్కువ.

ఇక అభ్యంతరాలు. సీట్లు ఎన్ని గనుక అని అడిగేవారి మాట నిజమే. రాయబార కార్యాలయం దారిలో దేశమంతటికీ కలిపి పదుల్లోనే ఎంపికవుతారు. దీన్ని దాచి ఆశపెట్టడం తప్పు. కానీ లెక్క అక్కడితో ఆగదు. యూనివర్సిటీ సిఫారసు దారి వేరు, అక్కడికి సొంత ఖర్చుతో వెళ్లినవారికి జాసో అనే జపాన్ విద్యార్థి సేవల సంస్థ నెలకు 48,000 యెన్‌లు ఇచ్చే పథకం వేరు, ప్రతిభ చూపినవారికి యూనివర్సిటీలే ఫీజు సగమో, పూర్తిగానో తీసేయడం వేరు. ఏమీ దొరకకపోయినా జపాన్ జాతీయ యూనివర్సిటీల ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్‌లు. టోక్యో యూనివర్సిటీ 2025లో బ్యాచిలర్ డిగ్రీలో కొత్తగా చేరేవారికి దాన్ని 6,42,960 చేసింది. పెంచిన ఫీజు కూడా మన రూపాయల్లో నాలుగు లక్షల లోపే, హైదరాబాద్‌లో కొన్ని ప్రైవేటు కాలేజీల ఫీజుకు దగ్గరగా ఉంటుంది. విద్యార్థులు అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకు పని కూడా చేసుకోవచ్చు.

రెండో అభ్యంతరం జీతాల గురించి. జపాన్‌లో కొత్తగా డిగ్రీ చేసినవారికి నెలకు రెండు లక్షల యెన్‌ల పైచిలుకే ఇస్తారు, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో దాన్ని పోల్చలేం. ఒప్పుకుంటాను. కానీ పోల్చాల్సింది అప్పు తీరాక చేతిలో మిగిలేదాన్ని. 40 లక్షల లోను 11 శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 55 వేల రూపాయలు కట్టాలి, మొత్తం 66 లక్షలవుతుంది. ఉద్యోగం వస్తే ఆ భారం తెలియకపోవచ్చు. రాకపోతే ఊళ్లో తాకట్టు పెట్టిన ఇల్లో, పొలమో గుర్తొస్తుంది. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయులు 3,31,602 మంది. 2025లో అక్కడ కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలు కొన్ని వారాలు నిలిచిపోయాయి, కొత్త హెచ్1బీ వర్క్ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అప్పు లేని విద్యార్థి అలాంటి కబురు విని దారి మార్చుకోగలడు. అప్పున్నవాడికి ఆ వెసులుబాటు ఉండదు. ఉన్నత నైపుణ్యాలకు జపాన్ పాయింట్లు లెక్కగట్టే పద్ధతిలో 80 వచ్చినవారు ఏడాదికే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చన్న సంగతి కూడా ఈ పోలికలో చేర్చాలి.

ఆసియా దేశాలను మాత్రం నమ్మొచ్చా అన్న ప్రశ్న నన్నూ ఆలోచింపజేస్తుంది. చైనా 2020లో సరిహద్దులు మూసినప్పుడు, చదువు మధ్యలో ఇంటికొచ్చిన వేలాది భారతీయ వైద్య విద్యార్థులు 2022 ఆగస్టు దాకా వీసాల కోసం ఎదురుచూశారు. వారిలో మన రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. జపాన్‌లోనూ పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే స్ప్రింగ్ పథకంలో జీవన వ్యయానికిచ్చే భాగాన్ని తమ పౌరులకే పరిమితం చేయాలని విద్యాశాఖ 2025లో నిర్ణయానికొచ్చింది. ఏ దేశ విధానమూ శాశ్వతం కాదు. అందుకే ఒకే దేశం మీద, ఒకే పథకం మీద ఆశ పెట్టుకోవద్దంటాను. జపాన్‌కు, కొరియాకు, తైవాన్‌కు ఒకే పరిశోధన ప్రణాళికను తగినట్టు మార్చుకుని దరఖాస్తు చేయవచ్చు, ప్రభుత్వ స్కాలర్‌షిప్పులకు కన్సల్టెన్సీ రుసుము అక్కర్లేదు కూడా.

భాష కష్టం, అందుకు సమయమెక్కడిది అన్నది అన్నిటికంటే తరచుగా వినిపించే మాట. ఎమ్మెస్, పీహెచ్‌డీలలో ఇంగ్లీషులో నడిచే కోర్సులు చాలా ఉన్నాయి, కాబట్టి భాష రాకుండానే డిగ్రీ పూర్తిచేయవచ్చు. ఉద్యోగం మాత్రం అలా దొరకడం కష్టం. భాష రానివాళ్లలో చాలామంది డిగ్రీ చేతపట్టుకుని ఇంటికి తిరిగొస్తారు, భాష వచ్చినవాళ్లకు అక్కడి కంపెనీలు తలుపు తీస్తాయి. జపనీస్ సామర్థ్య పరీక్ష జులైలో, డిసెంబరులో జరుగుతుంది. ఐదు స్థాయుల్లో అట్టడుగుది ఎన్5. బీటెక్ రెండో ఏట మొదలుపెట్టి రోజుకు గంట కేటాయిస్తే చదువు ముగిసేలోగా ఎన్4 దాటడం మామూలు విద్యార్థికి సాధ్యమే. జీఆర్ఈ, ఐఈఎల్టీఎస్‌లకు పోసే సమయం, డబ్బుతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు, పైగా ఈ నేర్చుకున్నది పరీక్ష అయిపోయాక కూడా పనికొస్తుంది.

సమాచారం చేరితే ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ మన సంగారెడ్డి జిల్లా కందిలోనే ఉంది. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణ నిర్మాణానికి జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా రుణమిచ్చింది, కొన్ని భవనాల రూపకల్పనలో టోక్యో యూనివర్సిటీ నిపుణులు పాలుపంచుకున్నారు. 2012లో మొదలైన ఫ్రెండ్‌షిప్ అనే ప్రాజెక్టు కింద అక్కడ చదివినవారికి జపాన్‌లో ఎమ్మెస్, పీహెచ్‌డీ చేసేందుకు స్కాలర్‌షిప్పులు దొరికాయి. జపాన్ కంపెనీలు ఆ క్యాంపస్‌కే వచ్చి ఉద్యోగాలిస్తున్నాయి. ఆ పిల్లలకు సమాచారం ఇంటి గుమ్మంలోకి వచ్చింది. పక్క జిల్లాలోని ఇంజినీరింగ్ కాలేజీలో చదివేవారికి రాలేదు.

అందుకే ఈ పని విద్యార్థుల మీదే వదిలేయకూడదు. తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వీటిలో ఫీజు తక్కువైన జపాన్ లాంటి చోట ఆ మొత్తంతో ఒక డిగ్రీ దాదాపు అప్పు లేకుండా పూర్తిచేయవచ్చు, అమెరికాలో అది మొత్తం ఖర్చుకు సరిపోదు. అలాంటి పథకంలోంచి కొద్ది భాగం తీసి, ఎంపికకు ముందే ఏడాది పాటు జపనీసో, కొరియనో నేర్పిస్తే వేరే దేశపు డబ్బుతో చదివే అవకాశం మరింతమందికి దక్కుతుంది. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ నేర్పే అధ్యాపకులున్నారు. ఉస్మానియా, జేఎన్టీయూ, ఆంధ్రా యూనివర్సిటీలు రెండో ఏటి నుంచి తూర్పు ఆసియా భాషల్లో ఒకదాన్ని ఓపెన్ ఎలక్టివ్‌గా పెట్టి, ఏటా మార్చిలో స్కాలర్‌షిప్ దరఖాస్తుల తేదీలను ప్రతి కాలేజీ నోటీసు బోర్డుకూ పంపితే, దానికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.