ఉచిత విద్య, అందే విద్య: ఆడపిల్లల చదువుకు ఎదురయ్యే అడ్డంకులు

పరిచయం

ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఉచితం. అయినా పేద కుటుంబాల ఆడపిల్లలు చదువు మధ్యలో ఎందుకు ఆపేస్తున్నారు? 'తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు' అన్న సమాధానం మీరు తరచుగా వినే ఉంటారు. ఆ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో ఉమ్మడి కర్నూలు జిల్లా అనుభవం ఆధారంగా పరిశీలిద్దాం.

విత్తన పత్తి పొలాలు

1970లో గుజరాత్‌లో హెచ్-4 రకం విడుదలైన తరువాత సంకర పత్తి సాగు దేశంలో విస్తరించింది. ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు ఆ విత్తనోత్పత్తికి ముఖ్య కేంద్రాలయ్యాయి. ఈ పంటలో 'క్రాసింగ్' పనిని చేతితోనే చేయాలి. సాయంత్రం మొగ్గను విప్పి కేసరాలను తొలగిస్తారు. మరునాటి ఉదయం మగ మొక్క పుప్పొడిని కీలాగ్రానికి అద్దుతారు. కొన్ని నెలలపాటు రోజూ సాగవలసిన ఈ పనికి ఎక్కువగా పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలనే పెట్టుకునేవారు. 'వాళ్ల వేళ్లు సున్నితం' అన్నది యజమానులు చెప్పే కారణం. తక్కువ కూలికి ఎక్కువ గంటలు, ఎదురు చెప్పకుండా పనిచేస్తారన్నది అసలు కారణం.

ఇక్కడ మీరు గమనించవలసిన అంశం కాలక్రమం. రైతు సీజనుకు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇస్తాడు. బడి జూన్‌లో తెరుస్తారు. అప్పటికే ఆ కుటుంబం మాటకు కట్టుబడి ఉంటుంది. క్రాసింగ్ పని విద్యా సంవత్సరం మధ్యలో పడుతుంది. నెలల తరబడి హాజరు కాని పిల్ల తిరిగి తరగతిలో కూర్చున్నా పాఠం అందుకోలేదు. కాబట్టి జూన్‌లో నిర్వహించే 'బడిబాట' ఒక్కటే చాలదు. ఆ కుటుంబంతో వేసవిలో, అడ్వాన్సు చేతులు మారకముందే మాట్లాడాలి.

జరిగిన ప్రయత్నాలు

మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో బాల కార్మికులను బడికి చేర్చే పని మొదలుపెట్టింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలేనన్నది ఆ సంస్థ సూత్రం. పని మాన్పించిన పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేర్చడం దాని పద్ధతి. బడి బయట ఉన్నవారిని వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్ కూడా చెబుతుంది.

2004లో కేంద్ర ప్రభుత్వం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలను ప్రారంభించింది. వీటిలో 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు, మిగిలినవి దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల బాలికలకు కేటాయించారు. వసతి ఉండడం వల్ల బడి దూరం, ఇంటి చాకిరీ, తమ్ముళ్లూ చెల్లెళ్ల ఆలనా పాలనా అనే మూడు అడ్డంకులూ ఒకేసారి తగ్గుతాయి.

మిగిలిన ఖాళీ

అయితే ఈ విద్యాలయాలు మొదట 8వ తరగతి వరకే ఉండేవి. విద్యాహక్కు చట్టం వర్తించేది 14 ఏళ్ల వరకే. 2016 సవరణ తరువాత బాల కార్మిక చట్టం 14 ఏళ్లు నిండినవారిని ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోనిస్తుంది. పెళ్లి మాటలు మొదలయ్యేది కూడా ఆ వయసులోనే. అంటే ఒత్తిడి పెరిగే చోటనే రక్షణ ముగుస్తోంది. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకం ఈ విద్యాలయాలను 12వ తరగతి వరకు పెంచేందుకు అవకాశం కల్పించింది. దాని ప్రాముఖ్యం ఇక్కడే ఉంది.

అభ్యాసం

మీరు నంద్యాల జిల్లా పగిడ్యాల మండలంలోని ఒక గ్రామాన్ని అధ్యయనం చేస్తున్నారనుకోండి. బడి హాజరు పట్టీని నెలవారీగా చూడండి. ఆడపిల్లల హాజరు ఏ నెలలో పడిపోయింది? ఆ నెలలో పొలాల్లో ఏ పని నడుస్తోంది? ఇంట్లో చిన్నపిల్లలను ఎవరు చూస్తున్నారు? పదో తరగతి తరువాత నందికొట్కూరు వెళ్లి చదవాలంటే బస్సు ఏ వేళకు ఉంది, సాయంత్రం ఎప్పటికి ఇల్లు చేరుతుంది?

ఈ ప్రశ్నలకు జవాబులు సేకరించిన తరువాతే 'విలువ తెలియదు' అన్న మాటను పరీక్షించండి. కూతురిని పనికి పంపిన తల్లికి చదువు విలువ తెలిసి ఉండవచ్చు. అప్పు తీర్చే మరో దారి ఆమెకు కనిపించి ఉండకపోవచ్చు.