ఘాట్ తాగేది అర లీటరే

పాత బుల్లెట్టునో, యెజ్డీనో, ఆరెక్స్ హండ్రెడ్‌నో నట్టు నట్టూ విప్పి, బోరింగ్ చేయించి, రంగులేయించి మళ్లీ రోడ్డెక్కించేవాళ్లకు విశాఖ నుంచి అరకు వెళ్లే దారి అంటే ప్రత్యేకమైన ఇష్టం. అంత ముచ్చటపడి బాగుచేయించిన పాత బుల్లెట్ 350 లీటరుకు 33 కిలోమీటర్లు ఇవ్వాల్సింది 18 దగ్గరే ఆగిపోతే, ముందు వినిపించే మాట 'ఘాట్ కదండీ, తాగుతుంది' అని. ఆ వెంటనే వచ్చేది 'కార్బొరేటర్ మార్చేద్దాం' అని. రెండూ తొందరపాటు మాటలే. ఘాట్ ఎంత తాగుతుందో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క తేలాక మిగతా పెట్రోలు ఎటు పోతోందో వెతకవచ్చు. ఆ వెతుకులాటలో కార్బొరేటర్ వంతు అన్నిటికన్నా చివర రావాలి.

బొడ్డవర దాటాక రోడ్డు కొండెక్కడం మొదలవుతుంది. టైడా, అనంతగిరి మీదుగా అరకు చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటాం. ఆ కొండల్లోనే సాగే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. లెక్క సులువుగా ఉండడానికి వెయ్యి మీటర్లు ఎక్కామనుకుందాం. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 300 కిలోలు. అంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికి దాదాపు 3 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. పాత ఇంజిను అందులో ఐదో వంతే చక్రానికి అందించిందనుకున్నా 6 పైచిలుకు చేతికొస్తుంది. అంటే ఎక్కినందుకు అదనంగా ఖర్చయ్యేది అర లీటరు లోపే. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. 33 ఇచ్చే బండికి మూడున్నర లీటర్లు పడుతుంది, దానికి అర లీటరు కలిపితే నాలుగు. మైలేజీ 29 దగ్గర తేలాలి. రెండో గేరులో మలుపులు తిరగడం, లారీ వెనక పాకుతూ పోవడం ఈ లెక్కలో లేవని ఎవరైనా అంటే అది న్యాయమైన అభ్యంతరమే. అందుకని ఘాట్ వాటాను రెట్టింపు చేసి లీటరు ఇచ్చేద్దాం. అప్పుడు కూడా 25కి తగ్గదు. పైగా దిగేటప్పుడు ఇంజిను మీద భారం చాలావరకు పోతుంది కాబట్టి రానూపోనూ సగటు ఇంకా మెరుగ్గా ఉండాలి. 18 వస్తోందంటే దాదాపు రెండు లీటర్లకు కొండతో సంబంధమే లేదు.

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక మిశ్రమంలో పెట్రోలు ఎక్కువవుతుందన్న వాదన ఒకటుంది. అది నిజమే, కానీ ఎంత? అరకు ఎత్తులో గాలి సాంద్రత సుమారు పదో వంతు తగ్గుతుంది. గాలి తగ్గినప్పుడు అది జెట్‌లోంచి పీల్చే పెట్రోలూ కొంత తగ్గుతుంది కాబట్టి మిశ్రమం చిక్కబడేది 5 శాతం మేరకే. ఇక ఇథనాల్. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపితే లీటరుకు వచ్చే శక్తి సుమారు 7 శాతం తగ్గుతుంది. 33 ఇచ్చే బండి 31 దాకా దిగుతుందేమో గానీ 18కి పడిపోదు. పైగా ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు కాబట్టి అది మిశ్రమాన్ని పలచన చేస్తుంది. అరకులో ఎత్తు తెచ్చే చిక్కదనాన్ని ఇదే సరిపెట్టేస్తుంది. అందుకే అరకు కోసమని చిన్న మెయిన్ జెట్ వేయించడం మంచి సలహా కాదు. అదే జెట్‌తో విశాఖ ఎండలో నడిపితే ఇంజిను వేడెక్కుతుంది, టూ స్ట్రోక్ అయితే పిస్టన్ పట్టేసే ప్రమాదం కూడా ఉంది. అయితే ఇథనాల్‌ను పూర్తిగా నిర్దోషి అనలేం. పాత రబ్బరును అది ఉబ్బించి పాడుచేస్తుంది. కాబట్టి ఏళ్లనాటి పైపులూ సీళ్లూ అలాగే ఉంచిన బండిలో ముందు చూడాల్సింది పెట్రోలు చెమ్మ ఎక్కడైనా కనిపిస్తోందా అని.

వెతకడానికి ముందు కొలత సరిగ్గా ఉండాలి. ఘాట్ మీద, ట్రాఫిక్‌లో వచ్చిన అంకెతో ఏదీ తేలదు. పెందుర్తి దాటాక ఎస్.కోట దాకా ఉన్న మైదానపు రోడ్డు మీద, ఒకే బంకులో బండిని సెంటర్ స్టాండ్ వేసి ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి, రానూపోనూ కొలవాలి. మీటరు చెప్పే కిలోమీటర్లను రోడ్డు పక్క రాళ్లతోనో ఫోన్‌తోనో సరిచూసుకోవాలి. రిస్టోర్ చేసిన బండికి వేరే మోడల్ చక్రమో, మీటరో పడితే దూరమే తప్పు చూపిస్తుంది. అప్పుడు లేని జబ్బుకు వైద్యం చేయించినట్టవుతుంది.

అంకె నిజంగానే తక్కువని తేలితే ముందు చక్రాలు చూడాలి. కొత్త బ్రేక్ షూలు డ్రమ్ముకు రాసుకుంటూ ఉండడం రిస్టోర్ చేసిన బండ్లలో మామూలే. ఘాట్ దిగిన వెంటనే డ్రమ్ము పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు, అది బ్రేకు వేసిన వేడే. మైదానంలో కొంతదూరం బ్రేకు తాకకుండా నడిపి, క్లచ్ పట్టి దానంతటదే ఆగనివ్వండి. అప్పుడు డ్రమ్ము చేతికి కాలితే దొంగ దొరికినట్టే. ఎక్కుడులో ఇంజిను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

నా దృష్టిలో ఎక్కువమంది వదిలేసేది ఇగ్నిషన్. పాయింట్లున్న పాత బుల్లెట్టులో కామ్ మీద రాసుకునే చిన్న ఫైబర్ మడమ అరిగేకొద్దీ పాయింట్ల గ్యాప్ తగ్గి, స్పార్క్ ఆలస్యమవుతుంది. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. వేగం పెరిగినప్పుడు టైమింగ్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ యూనిట్‌లో బరువులు జిడ్డు పట్టి కదలకపోయినా జరిగేది ఇదే. ఆలస్యంగా మండిన పెట్రోలు పిస్టన్‌ను నెట్టాల్సింది పోయి సైలెన్సర్‌ను కాల్చి బయటికిపోతుంది. బండి స్టార్టవుతుంది, ఐడిలింగ్ బాగుంటుంది, చెడిందనిపించదు. పికప్ లేదని నడిపేవాడు యాక్సిలరేటర్ మరికాస్త తిప్పుతాడు, పెట్రోలు అక్కడ పోతుంది. ఇలాంటి ఇంజినుకు కొత్త కార్బొరేటర్ వేస్తే డబ్బు పోతుంది తప్ప మైలేజీ రాదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కార్బొరేటర్ విప్పాలి. ఒకే వేగంలో కొంతసేపు నడిపి, అదే వేగంలో ఇంజిను ఆపి ప్లగ్ తీయండి. తప్పు కార్బొరేటర్‌దే అయితే పొడి నల్లమసి కనిపించాలి. తడిగా, జిడ్డుగా ఉన్న నలుపు ఆయిల్‌ది. ఆ జబ్బు రింగుల్లోనో, వాల్వ్ గైడుల్లోనో ఉంటుంది. మసి అయితే ముందు చోక్ చూడండి. అరకు చలిలో పొద్దున్నే చోక్ లేకుండా బండి కదలదు. ఆ చోక్ ప్లంజర్ అడుగున గోరంత రబ్బరు బిళ్ల ఉంటుంది. అది గట్టిపడితే చోక్ మూసినా పెట్రోలు రంధ్రం పూర్తిగా మూసుకోదు, ప్రయాణమంతా బండి సగం చోక్ మీదే నడుస్తుంది. ఫ్లోట్ లెవెల్ ఎక్కువైతే బండి ఏటవాలుగా ఆగిన చోట ఓవర్‌ఫ్లో పైపు కారుతుంది. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడైతే దానికి చిల్లు పడినట్టు. ఇవీ కావని తేలితే అప్పుడు నీడిల్, నీడిల్ జెట్. ఏళ్ల తరబడి రాపిడికి జెట్ రంధ్రం కోలగా అరుగుతుంది, కంటికి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. సగం యాక్సిలరేటర్ మీద మాత్రమే బండి ఎక్కువ తాగుతుంటే అనుమానించాల్సింది దీన్నే. రెండూ జతగా మార్చి, మళ్లీ ఎస్.కోట రోడ్డు మీద ఫుల్ ట్యాంక్‌తో కొలవాలి.