చైనా నగరాల్లో ఎవరి ఇల్లు ఎక్కడ?

ఊరెక్కడ, వాడెక్కడ అని దారి అడక్కుండానే తెలిసే చోట్ల నుంచి వచ్చినవాళ్లం మేం. అందుకే చైనా నగరాల గురించి చదువుతుంటే మా చూపు ముందుగా ఇళ్ల మీదికే పోయింది.

ఆర్థిక సంస్కరణలకు ముందు చైనా పట్టణంలో ఇల్లు చాలామందికి కొనుక్కునే సరుకు కాదు. ఫ్యాక్టరీ, ఆఫీసు, యూనివర్సిటీ, ఎక్కడ పనిచేస్తే ఆ సంస్థే ఇల్లిచ్చేది. ఆ పనిచోటుని వాళ్లు 'దాన్‌వెయ్' అంటారు. అద్దె నామమాత్రం. ఒకే ప్రహరీ లోపల మేనేజరూ, ఇంజనీరూ, కార్మికుడూ ఉండేవాళ్లు. అంతా సమానమనుకుంటే పొరపాటు. హోదాని, సర్వీసుని బట్టి గదులు. ఒకే వంటగదిని రెండు మూడు కుటుంబాలు వాడుకున్న చోట్లూ ఉన్నాయి. అయినా పేదల పేట, ధనికుల పేట అని నగరం చీలడం తక్కువ.

1988 రాజ్యాంగ సవరణతో భూమి వినియోగ హక్కుని బదిలీ చేసుకునే వీలొచ్చింది. పట్టణ భూమి మాత్రం రాజ్యానిదే. 1998లో స్టేట్ కౌన్సిల్ ఉత్తర్వుతో సంస్థలు ఇళ్లు కేటాయించే పద్ధతి ఆపేశారు. ఉన్న ఇళ్లని అందులో ఉంటున్నవాళ్లకే మార్కెట్ ధరకన్నా చాలా తక్కువకి అమ్మారు.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. మంచిచోట పెద్ద ఇల్లున్న అధికారికి చవగ్గా పెద్ద ఆస్తి దక్కింది. మూతపడ్డ ఫ్యాక్టరీ కార్మికుడికి దక్కింది పాత ఇరుకు గది. అంటే నిన్నటి హోదా తేడాలే ఇవాళ ఆస్తి తేడాలయ్యాయి. తర్వాత డబ్బున్నోళ్లు గేట్లూ కాపలా ఉన్న కొత్త కాలనీలకి పోయారు. పాత ప్రాంగణాల్లో ముసలివాళ్లు, ఉద్యోగం పోయినోళ్లు, అద్దెకొచ్చినోళ్లు ఎక్కువయ్యారు.

అసలు ఈ లెక్కలోకే రానివాళ్లు పల్లెల నుంచి వచ్చిన కూలీలు. 1958 నాటి 'హుకౌ' నమోదు నిబంధనలు మనిషికి పల్లె, పట్టణం అని ముద్ర వేశాయి. 1998 దాకా బిడ్డకి సాధారణంగా తల్లి హుకౌయే వచ్చేది. దీన్ని కులం అనలేం. యూనివర్సిటీ సీటొస్తే మారిన ముద్ర ఇది. కానీ పుట్టుకతో వచ్చేదే. నగరాన్ని కట్టిన ఈ కూలీల్లో అత్యధికులకి దాన్‌వెయ్ ఇల్లు లేదు, కాబట్టి చవగ్గా కొనుక్కునే అవకాశమూ రాలేదు.

వాళ్లు చేరింది ఫ్యాక్టరీ డార్మిటరీలకి, 'నగరంలోని పల్లెల'కి. నగరం పెరుగుతూ చుట్టేసిన పల్లెలివి. పొలాలు ప్రభుత్వం తీసుకుంటే, ఇళ్ల స్థలాలు గ్రామ సమష్టి కింద మిగిలాయి. గ్రామస్తులు అంతస్తు మీద అంతస్తు లేపి అద్దెకిచ్చారు. ఎదురింటి కిటికీలోంచి చెయ్యి కలపొచ్చట, అందుకే 'కరచాలనం ఇళ్లు' అని పేరు.

అక్కడా నిలకడ లేదు. బీజింగ్‌లో 'జెజియాంగ్ పల్లె'ని 1995 చివర్లో కూల్చారు. 2017 నవంబరులో అదే నగరపు దాషింగ్ జిల్లాలో మంటలకి 19 మంది చనిపోతే, భద్రత పేరుతో చలికాలంలోనే వలస కూలీల్ని ఖాళీ చేయించారు. షెంజెన్‌లోని బైషిజౌ వంతు 2019లో వచ్చింది. పరిహారం ఇంటి యజమానులకి. అద్దెవాళ్లకి మిగిలిన దిగులు, ఇల్లు మారితే పిల్లల బడి ఏమవుతుందని.