పచ్చిక లేని గోల్ఫు

ఎనుమాముల మార్కెట్టులో మిరపబస్తాల నడుమ నిలిచినవారికి ఎండను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి ఎండలోను గోల్ఫు ఆడువారు కలరు. ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పెడీ మైదానమున గడ్డిపోచ కానరాదు. ఆటగాడు చిన్న పచ్చికముక్కను వెంట తెచ్చుకొని, దానిపై బంతి నుంచి కొట్టి, మరల దానిని చేతబట్టుకొని సాగును. వేసవిలో రాత్రివేళ మెరయు బంతులతో ఆట! గోల్ఫునకు పుట్టినిల్లనదగిన స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌తో ఈ దుమ్మునేలకు ఇచ్చిపుచ్చుకొను ఒడంబడిక కూడ కలదు.

మన గోలకొండ నయాకిల్లాలో మాత్రము కుతుబ్‌షాహీ గోడల లోపల, బండరాళ్ల నడుమ పచ్చిక పెంచిరి. ఆట తప్పు గాదు. కాని అచ్చటి శతాబ్దుల నాటి బావోబాబు వృక్షమును చూడవచ్చు బడిపిల్లలదే ఆ నేలపై మొదటి హక్కని నా మతము. సెంట్ ఆండ్రూస్ పాత మైదానమున సాధారణముగ ఆదివారము ఆట ఉండదు. ఆనాడు ఊరివారు పిల్లలతో, కుక్కలతో దానిపై షికారు తిరుగుదురు.